చిన్న పట్టణంలో సర్కారు ప్రాథమిక బళ్ళను పోల్చి చూడటం ఎలా?

పాలకొండ, కనిగిరి, నందిగామ లాంటి ఊళ్ళలో ఒకే ఇంటికి నడక దూరంలో రెండు మూడు ప్రభుత్వ ప్రాథమిక బళ్ళు ఉండటం మామూలే. వీధి చివర ఓ మున్సిపల్ స్కూలు, ఊరి పొలిమేర దాటగానే మండల పరిషత్ బడి, హైస్కూలు పక్కనే ఇంకొకటి. "అన్నీ గవర్నమెంటువే కదా, ఏదైతే ఏముంది" అని కొందరు దగ్గర్లో ఉన్నదాంట్లో వేసేస్తారు. ఇంకొందరు కొత్త రంగులు వేసిన గోడ చూసి మనసు పారేసుకుంటారు. ఈ రెండు పద్ధతులూ నాకు నచ్చవు. సర్కారు బళ్ళ మధ్య తేడాలు చాలానే ఉంటాయి. కాకపోతే అవి గేటు బయటి నుంచి కనిపించే చోట ఉండవు.

ఇక్కడ రాసింది ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ చిన్న పట్టణాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. తెలంగాణలో పథకాల పేర్లు మారతాయి గానీ చూసే పద్ధతి అదే.

1. అన్నిచోట్లా ఒకేలా ఉండేవాటిని ముందు పక్కన పెట్టండి

పాఠ్యపుస్తకాలు, సిలబస్, యూనిఫాం, బ్యాగు, బూట్లు, మధ్యాహ్న భోజనం మెనూ అన్నీ రాష్ట్ర స్థాయిలో నిర్ణయమయ్యేవి. "ఆ బళ్ళో కిట్టు ఇస్తున్నారట" అనేది ఒక బడిని ఎంచుకోవడానికి కారణం కాదు, ఈ బళ్ళోనూ ఇస్తారు. పిల్లల్ని బడికి పంపే తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు ప్రైవేటు బళ్ళో చదివే పిల్లల తల్లులకూ పడుతుంది, కాబట్టి దాన్నీ లెక్కలోంచి తీసేయండి. మీడియం విషయం కూడా అంతే. ఇప్పుడు ప్రాథమిక తరగతుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉంటాయి. "మాది ఇంగ్లిష్ మీడియం" అని బోర్డు మీద రాసుకున్న బడికీ, రాసుకోని బడికీ చేతిలో ఉండే పుస్తకం ఒకటే. ఉర్దూ మీడియం, సరిహద్దు మండలాల్లో కన్నడ, తమిళ, ఒడియా మీడియం బళ్ళు మాత్రం వేరే లెక్క.

పదో తరగతి ఫలితాలనూ పక్కన పెట్టండి. హైస్కూలు ఆవరణలోనే ప్రాథమిక బడి ఉంటే, హైస్కూలుకు మంచి మార్కులొచ్చాయని చిన్న తరగతులకూ ఆ పేరు అంటగడతారు. ఆ మార్కులు తెచ్చుకున్న పిల్లలు ఒకటి నుంచి అయిదు దాకా ఎక్కడెక్కడో చదివి వచ్చినవాళ్ళు.

ఇవన్నీ తీసేశాక మిగిలేవి కొన్నే. మీ పిల్ల కూర్చునే తరగతికి టీచరు ఉన్నారా, అక్కడి పిల్లలకు మూడో తరగతికి చదవడం వస్తోందా, అన్నం-నీళ్ళు-మరుగుదొడ్డి ఎలా ఉన్నాయి, దారి ఎలా ఉంది.

2. జాబితా తయారు చేయండి

వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శిని అడిగితే మీ చుట్టుపక్కల ఏయే బళ్ళున్నాయో చెబుతారు. ఊరి అంచున ఉండేవాళ్ళు పక్క పంచాయతీ బడిని కూడా రాసుకోవాలి. ఎందుకో ఏడో అంచెలో చెప్తాను.

తర్వాత దేశంలోని బళ్ళ వివరాలన్నీ నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ యూడైస్ ప్లస్ వాళ్ళ 'నో యువర్ స్కూల్' పేజీలోకి వెళ్ళండి. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. మొదటి రెండంకెలు 28 అయితే ఆంధ్రప్రదేశ్, 36 అయితే తెలంగాణ. కోడ్ తెలియకపోయినా జిల్లా, మండలం ఎంచుకుంటే పేర్లు వస్తాయి. చాలా బళ్ళకు గోడ మీద పేరు కిందే ఆ కోడ్ రాసి ఉంటుంది. బడి రిపోర్టు కార్డులో తరగతులవారీగా పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, గదులు, మరుగుదొడ్లు, కరెంటు, ప్రహరీ వివరాలు కనిపిస్తాయి.

దీన్ని గుడ్డిగా నమ్మొద్దు. మీరు చూసేది పోయిన విద్యా సంవత్సరపు లెక్క. ఆ తర్వాత వేసవిలో బదిలీలు జరిగి ఉంటాయి. 'మరుగుదొడ్లు: ఉన్నాయి' అన్నది తాళం వేసి ఉన్నవాటికీ వర్తిస్తుంది. అయినా ఒక పనికి మాత్రం ఇది బాగా పనికొస్తుంది. గత మూడు నాలుగేళ్ళ కార్డులు వరసగా చూసి ఒకటో తరగతిలో చేరేవాళ్ళ సంఖ్య పెరుగుతోందా, తగ్గుతోందా రాసుకోండి. చుట్టుపక్కల తల్లులు ఆ బడి గురించి ఏమనుకుంటున్నారో ఆ అంకె చెప్పేస్తుంది.

3. టీచర్ల లెక్క: భాగహారం చేసి మోసపోకండి

అసలు విషయం ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బళ్ళో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 121 నుంచి 200 దాకా అయిదుగురు ఉండాలి. అందరూ మొత్తం పిల్లల్ని మొత్తం టీచర్లతో భాగించి "ఇక్కడ ఇరవై మందికి ఒక టీచరు" అని సంతోషిస్తారు.

రెండు బళ్ళు అనుకుందాం. మొదటి దాంట్లో 40 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు: టీచరుకు 20 మంది. రెండో దాంట్లో 130 మంది పిల్లలు, అయిదుగురు టీచర్లు: టీచరుకు 26 మంది. లెక్క ప్రకారం మొదటిదే మేలు. కానీ తరగతులు అయిదు కదా! మొదటి బళ్ళో ఒకాయన ఒకటి, రెండు కలిపి కూర్చోబెట్టుకుంటారు, రెండో ఆవిడ మూడు, నాలుగు, అయిదు చూస్తారు. ఆవిడ నాలుగో తరగతికి భిన్నాలు చెబుతుంటే మూడో తరగతి పిల్లలు ఎక్కాలు రాసుకుంటూ ఉండాలి, అయిదో తరగతి వాళ్ళు వాళ్ళను చూసుకోవాలి. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే, లేదా శిక్షణకో క్లస్టర్ మీటింగుకో వెళితే, ఆ రోజుకు అది ఏకోపాధ్యాయ పాఠశాలే. రెండో బళ్ళో తరగతికో టీచరు, తరగతికో గది. ఒకరు రాకపోయినా పక్క టీచరు సర్దుకుంటారు.

అందుకే నేను అడిగే ప్రశ్న 'ఎంతమందికి ఒక టీచరు' అని కాదు, 'ఒక టీచరుకు ఎన్ని తరగతులు' అని. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరగతులు, టీచర్ల సర్దుబాటుకు సంబంధించిన పాత 117 జీవోను (ప్రభుత్వ ఉత్తర్వును) పక్కన పెట్టి బళ్ళను తొమ్మిది రకాలుగా మార్చింది. వాటిలో మోడల్ ప్రైమరీ స్కూల్ అనేదాని ఉద్దేశం తరగతికో టీచరు. మీ జాబితాలో అలాంటిది ఉంటే ముందు దాన్నే చూడండి. ఉద్దేశం అలా ఉన్నంత మాత్రాన పోస్టులన్నీ నిండి ఉన్నాయని అర్థం కాదు, అది వెళ్ళి కనుక్కోవాల్సిందే.

మల్టీగ్రేడ్ (ఒకే టీచరు ఒకటికి మించి తరగతులు కలిపి చెప్పడం) అనగానే పనికిరాదని కొట్టేయకండి. చేయి తిరిగిన ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఒకరు రెండు తరగతుల్ని కలిపి చెప్పి అద్భుతాలు చేసిన బళ్ళున్నాయి. ఒకటి, రెండు తరగతులు కలిపితే పెద్ద ఇబ్బంది లేదు. మూడు తరగతులు ఒకరి మీద పడితే మాత్రం ఎంత మంచి టీచరైనా ఏమీ చేయలేరు.

టీచర్ల గురించి ఇంకో రెండు సంగతులు కనుక్కోవాలి. ఒకటి, పోస్టు ఇక్కడ ఉండి మనిషి వేరేచోట పనిచేస్తున్నారేమో. సర్దుబాటు, డిప్యుటేషన్ పేరుతో ఇది జరుగుతూ ఉంటుంది. రికార్డులో నలుగురు, బళ్ళో ముగ్గురు. రెండు, ఎవరు ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు. బదిలీల నిబంధనల్లో ఒకేచోట టీచరుకు ఎనిమిదేళ్ళు, హెడ్మాస్టరుకు అయిదేళ్ళు దాటితే బదిలీ తప్పనిసరి. "ఆ టీచరమ్మ బంగారం" అని ఊరంతా అంటుంటే ఆవిడ ఎప్పుడు వచ్చారో అడగండి. ఏడేళ్ళు నిండి ఉంటే, మీ పాప ఆవిడ తరగతికి వచ్చేసరికి ఆవిడ ఇంకో మండలంలో ఉంటారు.

4. బడికి వెళ్ళే రోజు

జూన్ మొదటి రెండు వారాలు వద్దు. అడ్మిషన్ల హడావిడిలో టీచర్లే ఇల్లిల్లూ తిరుగుతుంటారు. ఆగస్టు 15 ముందు వారం కూడా వద్దు, డాన్సు ప్రాక్టీసు తప్ప ఏమీ కనిపించదు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. సెప్టెంబరు, నవంబరు, జనవరి చివర మామూలు రోజులు, అప్పుడు వెళ్ళండి. వేసవిలో బదిలీ మీద ఊరికి వచ్చేవాళ్ళకు ఆ వీలు ఉండదు. వాళ్ళు మొదటి రెండు అంచెలూ ఇంట్లో పూర్తి చేసుకుని, బడి తెరిచిన తర్వాత రెండో వారంలో ఒక పూట కేటాయించుకుంటే సరిపోతుంది.

ఉదయం ప్రార్థన వేళకు గేటు దగ్గర ఉండండి. ఎంతమంది పిల్లలు వచ్చారు, టీచర్లందరూ వచ్చారా, ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి ఎలా పలకరించారు అన్నవి పది నిమిషాల్లో తెలిసిపోతాయి. తర్వాత హెచ్ఎం (హెడ్మాస్టరు) గదికి వెళ్ళి ఉన్న మాటే చెప్పండి: "నమస్కారం మేడం, మా అబ్బాయిని చేర్పిద్దామనుకుంటున్నాం. ఒకసారి బడి చూడొచ్చాండీ?" తనిఖీకి వచ్చినట్టు మాట్లాడితే తలుపు అక్కడే మూసుకుంటుంది. పిల్లల ఫోటోలు తీయకండి.

అడగాల్సినవి నాలుగు. మూడో తరగతి ఎవరు చెబుతున్నారండీ? ఈ ఏడాది పోస్టులన్నీ నిండాయా? చదవడం రాని పిల్లలకు విడిగా ఏమైనా చెబుతున్నారా? తల్లిదండ్రుల కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? మూడో ప్రశ్నకు జవాబు జాగ్రత్తగా వినండి. "మా బళ్ళో అందరికీ వచ్చండీ" అనే హెచ్ఎం కంటే, "రెండో తరగతిలో ఆరుగురికి ఇంకా గుణింతాలు పట్టుబడలేదు, మధ్యాహ్నం అరగంట కూర్చోబెడుతున్నాం" అనే హెచ్ఎంనే నేను నమ్ముతాను. పిల్లల్ని పేరుపేరునా ఎరిగినవాళ్ళే అలా చెప్పగలరు.

5. చదువు వస్తోందా: సాయంత్రం మీ వీధిలోనే చూడండి

ప్రాథమిక స్థాయిలో పబ్లిక్ పరీక్ష లేదు, పోల్చుకోవడానికి మార్కులూ లేవు. బళ్ళోకి వెళ్ళి పిల్లల్ని పరీక్షించడం మర్యాద కాదు. కానీ ఆ బడికి వెళ్ళే పిల్లలు మీ వీధిలోనే ఆడుకుంటుంటారు. వాళ్ళ అమ్మానాన్నల్ని అడిగి, ఒక్కో బడి నుంచి మూడో తరగతి పిల్లలు ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టుకోండి. బిస్కెట్లు మర్చిపోకండి.

పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూడటానికి దేశమంతా పల్లెల్లో జరిగే అసర్ సర్వే పద్ధతి చాలా తేలిక: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు ఎక్కడి దాకా చదవగలడో చూడటమే. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు చేయడం. కాబట్టి మీరు అడిగేది ఎక్కువేమీ కాదు.

వాళ్ళ పాఠ్యపుస్తకం మాత్రం ఇవ్వకండి. ఆ పాఠం నోటికి వచ్చి ఉంటుంది. పేజీ మీద వేలు ఒక వరసలో ఉంటుంది, నోరు రెండు వరసలు ముందుకు వెళ్ళిపోతుంది. చూసేవాళ్ళకు గడగడా చదువుతున్నట్టే ఉంటుంది. పిల్లల పత్రికలోంచి చిన్న కథ ఒకటి ఇవ్వండి, లేదా మీరే నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయండి. ఒత్తులున్న మాటలు రెండు పెట్టండి: 'చెట్టు కింద ముసలమ్మ', 'అన్నయ్య సంతకు వెళ్ళాడు'. చదివాక "అన్నయ్య ఎక్కడికెళ్ళాడు?" అని అడగండి. చదివి కూడా జవాబు చెప్పలేకపోతే అక్షరాలు వచ్చాయి గానీ చదువు ఇంకా రాలేదు. ఇంగ్లిషులో కూడా ఒక వాక్యం ఇవ్వండి, కానీ తీర్పు తెలుగుతోనే చెప్పుకోండి. ఇంట్లో మాట్లాడే భాషలో చదవలేని పిల్లకు రెండో భాషలో చదవడం వచ్చిందంటే అది బట్టీయే అయి ఉంటుంది.

లెక్క ఒకటి చాలు: 52లోంచి 37 తీసేయమనండి. 15 వస్తే సరే. చాలామంది 25 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసి 5, అయిదులోంచి మూడు పోతే 2. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం పట్టుబడలేదన్నమాట. ఒక్క పిల్లవాడు 25 రాస్తే పిల్లవాడి సంగతి. ఒకే బడి వాళ్ళు నలుగురిలో ముగ్గురు 25 రాస్తే అది బడి సంగతి. అయిదో తరగతి పిల్లలైతే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి.

తర్వాత నోటు పుస్తకం తెరవండి. ముందు తేదీలు చూడండి. ఆగస్టు మొదటి వారం తర్వాత నేరుగా నెలాఖరు తేదీ ఉంటే మధ్యలో ఏమైందో ఆరా తీయాలి. నలుగురి పుస్తకాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా అవే వాక్యాలుంటే అది బోర్డు మీంచి దింపుకున్నది. 'మా ఇంటి కుక్క' గురించో 'నిన్న వాన' గురించో తలా ఒక రకంగా తప్పులతో రాసిన పేజీ ఒక్కటి కనిపించినా ఆ టీచరుకు మార్కులు వేయండి. ఎర్ర సిరా దిద్దుబాట్లు చూడండి. తప్పు మాట మీద కూడా పెద్ద టిక్కు పెట్టి కింద సంతకం చేసి ఉంటే ఆ పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. తప్పు కింద గీత గీసి, పక్కన సరైన మాట రాసి, పిల్ల దాన్ని మళ్ళీ రాసి ఉంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

6. అన్నం, నీళ్ళు, మరుగుదొడ్డి

మెనూ ఒకటే అన్నాను, వంట ఒకటే అనలేదు. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు వంద గ్రాముల బియ్యం, 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలని నిబంధన. ఇవి కాగితం మీద అన్నిచోట్లా అమలవుతాయి. మీరు చూడాల్సింది భోజనం అయ్యాక చెత్త బకెట్లో ఎంత అన్నం పడిందో. సాంబారు నీళ్ళలా ఉందా, గుడ్డు పూర్తిగా ఇస్తున్నారా, టీచర్లు కూడా అక్కడే తింటున్నారా. వంట చేసే అక్కతో రెండు మాటలు మాట్లాడండి. బిల్లులు ఎన్నాళ్ళుగా రాలేదో ఆవిడే చెబుతుంది. పప్పు పలచబడటానికి కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన, సర్కారు బళ్ళను బాగుచేసే నాడు-నేడు పథకం తొలి విడతలో 15,715 బళ్ళకు మరుగుదొడ్లు, నీళ్ళు, ఫ్యాన్లు, బల్లలు వచ్చాయి. రెండో విడతలో పని మధ్యలో ఆగిపోయి ఇనుప చువ్వలు పైకి లేచి ఉన్న బళ్ళూ ఉన్నాయి. వచ్చినవి ఇప్పుడు ఎలా ఉన్నాయన్నదే ప్రశ్న. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు లోపలి గడియ పడుతుందా? కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయా? ఆయా రోజూ వస్తుందా? ఆర్వో యంత్రం ఉంటే అది పనిచేస్తోందా, లేక పిల్లలంతా ఇంటి నుంచే సీసాలు తెచ్చుకుంటున్నారా? ఇంటికి వచ్చాక మీ పాప పరుగున బాత్రూంలోకి వెళ్తోందంటే బళ్ళో వెళ్ళడం లేదని అర్థం. ఆ బడికి వెళ్ళే ఆడపిల్లల తల్లుల్ని అడిగితే దాపరికం లేకుండా చెబుతారు.

7. దారి, అయిదో తరగతి తర్వాత

ఇంటి నుంచి బడి దాకా పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఒకసారి నడవండి. బైపాస్ రోడ్డు దాటాలా, సంత రోజున లారీలు ఎక్కడ ఆగుతాయి, వానాకాలం కాలవ పొంగితే దారి ఉంటుందా. కిలోమీటరు లోపు బడి ఉండాలన్నది నియమం. చిన్న పిల్లలకు హైవే అవతలి అర కిలోమీటరు కంటే వీధుల్లోంచి వెళ్ళే ముప్పావు కిలోమీటరు మేలు.

ఇక పక్క పంచాయతీ బడి సంగతి. ఆరో తరగతికి నవోదయ (కేంద్ర ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల) పరీక్ష రాయించాలన్న ఆలోచన ఉంటే ఇది తెలుసుకోవాలి. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత పిల్లలకు. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ బళ్ళో చదివినవాళ్ళకే ఆ కోటా. ఈ మూడు తరగతుల్లో ఒక్క రోజు పట్టణ ప్రాంతపు బళ్ళో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. ఊరి అంచున ఇల్లున్నవాళ్ళకు మున్సిపల్ హద్దుకు ఇవతలి బడీ, అవతలి బడీ సమానంగా ఉంటే, ఈ ఒక్క కారణం చాలు అవతలి బడిని ఎంచుకోవడానికి. కానీ దీనికోసం ముగ్గురు టీచర్ల బడిని వదిలి ఒక్క టీచరు బళ్ళో వేయకండి. కోటా ఉన్నా చదవడం రాకపోతే పరీక్ష గట్టెక్కదు.

8. తేల్చుకోవడం

మార్కుల పట్టిక వేసి కూడికలు చేయడం నాకు ఇష్టం లేదు. ప్రహరీకి పది, ఫ్యాన్లకు పది అని వేస్తూ పోతే చదువు రాని బడి కూడా డెబ్బై తెచ్చుకుంటుంది. ముందు కొట్టివేతలు చేయండి: మూడు తరగతులకు ఒక్క టీచరు ఉన్నది, మరుగుదొడ్డి వాడటానికి వీల్లేనిది, దారి ప్రమాదకరమైనది తీసేయండి. మిగిలినవాటిలో మూడో తరగతి పిల్లలు ఎక్కడ బాగా చదివారో అక్కడికే వెళ్ళండి, గోడలు పాతవైనా సరే. అక్కడా సమానంగా ఉంటే దగ్గరిది.

9. చేర్పించేటప్పుడు, చేర్పించాక

పుట్టిన తేదీ కాగితం లేదనో, టీసీ రాలేదనో ప్రభుత్వ బడి అడ్మిషన్ నిరాకరించకూడదు, విద్యా హక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. ప్రైవేటు బడి నుంచి తెచ్చేవాళ్ళకు అసలు చిక్కు ఆన్‌లైన్‌లో ఉంటుంది. ఫీజు బాకీ ఉందని పాత బడి పిల్లవాడి వివరాలను వదలదు, కొత్త బళ్ళో పేరు ఎక్కదు. అలాంటప్పుడు బడి చుట్టూ తిరగడం మానేసి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు మీద స్టాంపు వేయించుకోండి. ఈలోగా పిల్లవాణ్ణి తరగతిలో కూర్చోబెట్టమని హెచ్ఎంను అడగొచ్చు.

చేరిన తర్వాత కమిటీ సమావేశాలకు వెళ్ళండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఖాళీ పోస్టు కోసం ఎంఈఓకు అర్జీ పెట్టాలంటే ఒక తండ్రి సంతకం కంటే కమిటీ తీర్మానం ఎక్కువ పనిచేస్తుంది. ఏటా జూన్‌లో బదిలీలు ముగిశాక మూడో అంచె లెక్క మళ్ళీ వేయండి. మీ పిల్ల తరగతి టీచరు వెళ్ళిపోయి, ఆ స్థానంలోకి దసరా సెలవుల దాకా ఎవరూ రాకపోతే, రెండో ఎంపికగా రాసిపెట్టుకున్న బడికి వెళ్ళి అక్కడ ఆ తరగతి ఎవరు చెబుతున్నారో కనుక్కోండి.